కూత

గుంతకల్లు స్టేషన్ బయట, ఆటో స్టాండులో
రాత్రి పదకొండుకు
హ్యాండిల్ మీద ఫోను ఆనించి
ఆ సినిమా చూస్తాండా.
ముప్పై ఏండ్లయింది.

నలభై ఒక్క సార్లు చూసిందే.
చూసినా అంటే, టిక్కెట్టు కొని కాదు.
తిక్కయ్య టాకీసులో ఫస్ట్ షోకు
సోడాలు అమ్మే పిల్లోణ్ణి నేను.
ఇనుప బుట్టలో ఇరవై నాలుగు గోలీ సోడాలు.
"సోడా, కలర్" అని అరిచే గొంతు మాత్రం నాది,
చొక్కా మాయన్నది.

హీరో మొదటి తూరి మెట్లు దిగుతాంటే
నేల టిక్కెట్టోళ్ళు ఇసిరిన చిల్లర
తెరకు తగిలి మళ్ళీ వాళ్ళ కాళ్ళ కాడికే పడుతాండె.
ఈ పొద్దు చూస్తే ఆయప్ప
నా కొడుకంత ఉండాడు.
మీసం అతికించింది.
ఒక పక్క జిగురు లేస్తాంది.
అప్పుడు యాడ కనబడె, అంత దూరం నుంచి?
విలన్ ఇంట్లో ఆ మెట్లే. జడ్జి ఇంట్లోనూ ఆ మెట్లే.
నగొస్తాంది.
సచ్చిపోయినోళ్ళ పటం ముందర నగినట్ల
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్యా.

అయితే ఒకటుంది.
ఇంటర్వెల్ అయినాక పది నిమిషాలు
నేను ఎప్పుడూ చూళ్ళేదు.
నలభై ఒక్క సార్లలో ఒక్క సారి గూడా.
ఆ పది నిమిషాలు నేను, హంపమ్మ
తెర ఎనకాల గోడ కాడ, తొట్టి ముందర కూకొని
సీసాలు కడుగుతాంటిమి.
సోడా మిషను ఈరభద్రప్ప బిడ్డ.
నాకంటే రెండేండ్లు పెద్ద.
మాట కంటే ముందు మొట్టికాయ.

గోడ అవతల వాన పడుతాండె.
ఎవురో తలుపు వేస్తాండ్రి.
ఆడమనిషి గొంతు, సినిమా తెలుగులో,
"ఇక చాలు" అంటాండె.
కొంచేపు ఏమీ లేదు.
అప్పుడు రైలు కూత.

"బండెక్కిందిరా" అంటాండె హంపమ్మ,
సీసా మెడలో గోలీని ఆడిస్తా.
"వాడు వచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ.
కిటికీ కాడ కూకున్యాది.
ఎనక్కి తిరిగి చూళ్ళేదు."
ఒక రోజు ఎర్ర చీర కట్టిస్తాండె.
ఒక రోజు చేతిలో పెట్టె గూడా లేదంటాండె.
ఒక రోజు "టిక్కెట్టు సుత కొనలేదు, చూడు ధైర్యం" అని
నా మొగం మీద తొట్టి నీళ్ళు చల్లె.

కూల్‌డ్రింకు వ్యాన్లు వచ్చినాక
ఈరభద్రప్ప మిషను పాత ఇనుముకు అమ్మేసి
సంసారమంతా కట్టుకోని బళ్ళారి పక్కకు పోయినాడు.
ఏ బండికి పోయినారో తెలీదు.
ఆ పొద్దు ఆదివారం, హౌస్‌ఫుల్.
సీసాలు నేనొక్కణ్ణే కడుగుతాంటి.

ఇదో, వచ్చింది ఆ సీను.
ఫోను దగ్గరికి జరుపుకున్యా.
వాన. అవును, వాన ఉంది,
పైపుతో కొడుతాండారు, గొడుగు మీదనే పడుతాంది.
తలుపు.
"ఇక చాలు."
ఆయమ్మ వంటింట్లోకి పోయింది.
పొయ్యి మీద పాలు దించింది.
ఆయప్ప వచ్చి కుర్చీలో కూకున్యాడు.
గ్లాసు చేతికిచ్చింది.
అంతే.

రైలు లేదు.
ఎనక్కి జరిపి చూసినా. మళ్ళీ జరిపినా.
కిటికీ లేదు, ఎర్ర చీర లేదు.
కూత మా ఊరిది.
ఔటర్ సిగ్నల్ కాడ నిలబెట్టిన గూడ్సుది,
లోపలికి రానీమని అడిగే కూత.
మనుషులు ఎక్కని బండి.

ముప్పై ఏండ్లు ఆయమ్మ నా తలకాయలో
డోన్, నంద్యాల, గిద్దలూరు దాటుకోని
పోతానే ఉండె.
పాలు చల్లారబెడతాంది అని
ఎవురన్నా ఒక మాట చెప్పింటే!
చెప్పకపోవడమే మేలయిందేమో.

"తిమ్మనచెర్లకు వస్తావా?"
మూట దించి అడుగుతాండాడు ఒకాయప్ప.
రెండో ప్లాట్‌ఫారం మీద ఏదో బండి కదలబోతాంది.
ఫోనులో ఆయమ్మ పొయ్యి కాడ నిలబడింది,
ఇంగా పాలు దించలేదు.
బొటనవేలితో ఆపి పట్టుకున్యా.

"వస్తానప్పా, కూకో.
కూత కూయనీ."